ఆవపూల తేనె

మూడో చెంచా నోట్లో పెట్టుకొని ఆయన కళ్ళు మూసుకున్నారు. పెరటి గోడకు ఆనుకొని నిలబడిన పోస్టుమాన్ మాట మధ్యలోనే ఆపేశాడు. ఇరవై లెక్కపెట్టుకునే వరకు ఆయనను ఎవరూ పలకరించకూడదు. ఇది ఆయన పెట్టిన నియమం కాదు. ముప్పై తొమ్మిదేళ్లలో తేనె పెట్టెల వాళ్లు తమంతట తాము ఏర్పరచుకున్న మర్యాద. తేనె తీపి మొదటి మూడు అంకెల్లోనే తెలిసిపోతుంది. ఏ పువ్వు తేనె అన్నది ఏడు, ఎనిమిది అంకెల దగ్గర, ముక్కు వెనుక నుంచి, తలుపు సందులోని వెలుతురులా సన్నగా వస్తుంది. పట్టును పచ్చిగా ఉండగానే కోశారా, పొగ ఎక్కువ పెట్టారా, డబ్బాలో అంతకుముందు నూనె పోశారా అన్న సంగతులు పదిహేను దాటితే గాని బయటపడవు. చివరి అయిదు అంకెలూ దేనికోసమో ఆయనకే సరిగా తెలియదు, అలవాటుగా లెక్కపెట్టేవారు.

"నిమ్మ," అన్నారు కళ్ళు తెరిచి. "అడుగున కొంచెం తుమ్మ. ఈసారి పొగ పెట్టింది మీరు కాదు."

"మా కోడలు," అన్నాడు పోస్టుమాన్. ఉద్యోగం మానేసి ఎనిమిదేళ్లయినా అతని పేరు పోస్టుమానే. "మీకెలా తెలిసిందండీ?"

"మీరైతే ఈగలకి ఇంత భయపడరు."

వంటింటి కిటికీలోంచి కోడలి గొంతు వినిపించింది. "విన్నాను మావయ్యా! వచ్చేసారి పొగా మీరే పెట్టుకోండి, కుట్టించుకోవడం కూడా మీరే కుట్టించుకోండి."

"చూశారా, తేనె ఇంటిది, కారం పుట్టింటిది," అని పోస్టుమాన్ గొంతు తగ్గించి నవ్వాడు.

ఆయన కూడా నవ్వి, చెంచాను గోరువెచ్చని నీళ్లలో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, రేకు పెట్టెలో దాని అరలో పెట్టారు. అందులో పన్నెండు చెంచాలు ఉండేవి. ఒకరి తేనె తాకిన చెంచా ఆ రోజు మరొకరి తేనెను తాకేది కాదు. పెట్టె పక్కన వేడినీళ్ల ఫ్లాస్కు, బొటనవేలంత నమూనా సీసాలు, వాటి మెడకు కట్టే చీటీలు. మనిషి సన్నగా, కొంచెం ముందుకు వంగి, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు ఉండేవారు. చేతులు మాత్రం ఆ ఒంటికి తగనంత పెద్దవి. చుట్టుపక్కల ముప్పై మైళ్లలో తేనె తీసే ప్రతివాళ్లూ ఆయనను రుచులాయన అనేవారు. అసలు పేరు ఆయన అక్కకూ బ్యాంకు వాళ్లకూ తప్ప ఎవరికీ గుర్తు లేదు.

ఆ రుచి కోసం ఆయన చాలా వదులుకున్నారు. వదులుకున్నానని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. బావ పోయిన ఏడు, ఇరవై రెండేళ్ల వయసులో, అక్కకు నాలుగు రోజులు సాయం చేద్దామని తేనె కొట్టుకు వచ్చి, ఆ నాలుగు రోజులూ ముగియక అక్కడే ఉండిపోయారు. ఉదయం నుంచి సాయంత్రం వరకు ఉప్పు, కారం, పులుపు ముట్టని చప్పిడి భోజనం. అల్లం, వెల్లుల్లి ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. పరిమళం ఉన్న సబ్బు వాడేవారు కాదు. పొద్దు వాలాక ఒక్క గ్లాసు టీ, అదీ ఉత్త టీ. ఒకప్పుడు పెళ్లి మాటలు జరిగినప్పుడు పిల్ల తరఫు వాళ్లు ఈ నియమాలన్నీ విని, "అబ్బాయికి ఏదైనా జబ్బా?" అని అడిగారు. ఆ మాట తలుచుకుని అక్క ఇప్పటికీ నవ్వేది. ఆయనా నవ్వేవారు, కాస్త ఆలస్యంగా.

డబ్బా మూత బిగించడానికి వంగి లేచేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. ఎడమ భుజం నొక్కుకుంటూ మెట్టు మీద కూర్చున్నారు.

"డాక్టరుకి చూపించుకున్నారా?" అన్నాడు పోస్టుమాన్.

"చూపించాను. మెట్లెక్కి లోపలికొచ్చేసరికి ఆయనే నాకంటే ఎక్కువ ఆయాసపడుతున్నాడు. నా గురించి అడగడం మొహమాటమయింది."

పోస్టుమాన్ నవ్వలేదు. గోడ మీది పెచ్చును గోటితో గీకుతూ, ఎటో చూస్తూ అన్నాడు: "కాలువ మలుపు పెద్దాయన పెట్టెలు ఇచ్చేస్తున్నాడట. ఎల్లుండి లారీ వస్తుంది. పదకొండూ ఒకరికే."

రుచులాయన రేకు పెట్టె మూత మూశారు. కాలువ మలుపు పేరు ఎత్తినప్పుడు ఆయన ముఖం చూడకుండా మాట్లాడటం పెట్టెల వాళ్లందరికీ తొమ్మిదేళ్లుగా అలవాటే.

*

పదకొండు గంటల బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. అలవాటు ప్రకారమైతే ఆ బస్సులో చివరి స్టాపు వరకు వెళ్లి, యూకలిప్టస్ తోట దగ్గర అన్నదమ్ముల పెట్టెలు చూసి, నాలుగింటికి తిరిగి కొట్టుకు చేరాలి. కాలువ మలుపు మధ్యలో వస్తుంది. తొమ్మిదేళ్లుగా ఆ స్టాపు వచ్చినప్పుడల్లా ఆయన సంచిలో ఏదో వెతుక్కునేవారు. గడిచిన ఇరవై రెండు రోజులుగా మాత్రం వెతుక్కోవడం మానేసి, కిటికీలోంచి చూస్తూ, దిగకుండా ముందుకు వెళ్లిపోతున్నారు.

తొమ్మిదేళ్ల కిందట జరిగింది ఇది. ప్రతి నెలా మొదటి శనివారం కొట్టు వెనుక వాకిట్లో తూకం. పెట్టెల వాళ్లంతా డబ్బాలు తెస్తారు. రుచులాయన రుచి చూస్తారు. అక్క తూకం వేసి తీసుకుంటుంది. ఒకరి తేనెను మరొకరి తేనెలో కలపకపోవడం ఆ కొట్టు పద్ధతి. ప్రతి సీసా మీదా ఎవరి పెట్టెల తేనె, ఏ పువ్వు, ఏ నెల అని రాసేవారు. ఆ శనివారానికి ముందు వారంలో, కాలువ మలుపు పెద్దాయన పేరున్న సీసాలు ఆరు తిరిగి వచ్చాయి. కొన్న పదిహేను రోజులకే తేనె అడుగు నుంచి పై వరకు తెల్లగా పలుకులు కట్టి గట్టిపడింది. "తేనె అని చెప్పి పంచదార అమ్ముతారా?" అని ఒకామె కొట్టు ముందు నిలబడి వీధంతా వినబడేలా అరిచింది. అక్క ఆ సాయంత్రం లోపలి గదిలో గోడ వైపు తిరిగి కూర్చుంది. బావ పోయినప్పుడు తప్ప ఆయన ఆమెను అలా చూడలేదు.

తూకం రోజు పెద్దాయన కొత్త డబ్బా తెచ్చాడు. మూత తీస్తే అదీ గట్టిపడి ఉంది. తుమ్మ తేనె ఏళ్ల తరబడి పేరుకోదు. నిమ్మ నెమ్మదిగా పేరుకుంటుంది. పదిహేను రోజుల్లో గడ్డకట్టే తేనెను రుచులాయన ముప్పై ఏళ్లలో చూడలేదు. పూల కాలంలో ఈగలకు పంచదార పాకం పెట్టి, ఆ పాకాన్నే తేనెగా తీసి అమ్మేవాళ్ల గురించి మాత్రం విన్నారు. ఒక చెంచా నోట్లో వేసుకున్నారు. ఇరవై లెక్కపెట్టారు. కళ్ళు తెరిచి, పదిహేనుమంది పెట్టెల వాళ్ల ఎదుట, "ఇందులో పంచదార ఉంది," అన్నారు.

పెద్దాయన వాదించలేదు. మూత బిగించి, డబ్బాను భుజానికెత్తుకొని, గేటు దాటి వెళ్లిపోయాడు. రుచులాయన కాదన్న తేనెను ఆ చుట్టుపక్కల మరే కొట్టూ తీసుకోదు. పెద్దాయన దగ్గర అప్పుడు నలభై పెట్టెలు ఉండేవి.

ఇరవై రెండు రోజుల కిందట ఆయన కొత్తగా పెట్టెలు పెట్టిన ఒక రిటైరైన టీచరమ్మ దగ్గరకు వెళ్లారు. ఆమె సీసా తలకిందులు చేసి చూపించింది. తేనె జారలేదు. అప్రయత్నంగా ఆయన చూపు వంటింటి వైపు మళ్లింది. టీచరమ్మకు విషయం అర్థమైంది. "పంచదార కోసం వెతుకుతున్నారా? మా ఇంట్లో అది కనపడి ఆరేళ్లయింది. నాకు షుగరు, మా ఆయనకి షుగరు, మా పిల్లికి కూడా ఉందేమోనని నా అనుమానం," అంది. ఆ తరువాత వెనుక వైపున్న పసుపుపచ్చని చేనును చూపించింది. ఆవచేను. "ఆవపూల తేనె అంతేనండీ. ఒక్కోసారి పట్టులో ఉండగానే గడ్డకడుతుంది. పుస్తకంలో మొదటి పాఠంలోనే ఉంది." పెట్టెలోంచి పట్టు కట్టిన ఒక చట్రం పైకి తీసి చూపించింది. ఈగలు మైనంతో మూత వేసిన గదుల్లో, ఇంకా మనిషి చెయ్యి పడని తేనె, తెల్లగా పేరుకొని ఉంది.

ఆయన తిరిగే దారుల్లో ఎవరూ ఆవాలు వేసేవారు కాదు. వేశారా అని తొమ్మిదేళ్ల కిందట ఆయన ఎవరినీ అడగలేదు.

"కాలువ మలుపు!" అని కండక్టరు కేకేశాడు. రుచులాయన రేకు పెట్టె చంకలో పెట్టుకొని లేచారు. బస్సు అప్పటికే కదిలింది. "ఏవండీ, ఇంతసేపు ఏం చేస్తున్నారు?" అని కండక్టరు విసుక్కున్నాడు. "ఆలోచిస్తున్నాను," అని నిజమే చెప్పి ఆయన దిగారు.

*

కాలువ గట్టు మీద రెండు గదుల ఇల్లు. ఇంటి పక్కన పదకొండు పెట్టెలు, ఒక్కొక్క దాని నాలుగు కాళ్లూ చీమలు ఎక్కకుండా నీళ్లు పోసిన డబ్బాల్లో నిలబడి ఉన్నాయి. మిగిలిన చోట, ఒకప్పుడు పెట్టెలుండిన చోట, గడ్డి పెరగని నలుచదరపు మచ్చలు వరుసగా ఉన్నాయి. ఆయన వాటిని లెక్కపెట్టబోయి మానుకున్నారు. కాలువకు అవతల ఆవచేను పూత చివరికి వచ్చింది. కిందంతా కాయలు, కొసల్లో మాత్రం పసుపు.

పెద్దాయన భార్య, పెద్దావిడ, వాకిట్లో చట్రాలు ఆరబెడుతోంది. ఒకప్పుడు ఆయన గట్టు ఎక్కుతుండగానే "అన్నయ్యగారొచ్చారు!" అని లోపలికి కేకేసేది. ఇప్పుడు తలెత్తి చూసి, స్పష్టంగా గుర్తుపట్టి, మళ్లీ పనిలోకి వంగింది.

"ఏవండీ, ఎవరో వచ్చారు."

"ఎవరో అయితే కూర్చోమను," లోపల్నుంచి పెద్దాయన గొంతు. "మంచినీళ్లివ్వు."

ఆమె ఇచ్చింది. ఆయన తాగారు. పెద్దాయన బయటకు వచ్చి, పీట మీద కూర్చొని, ఒళ్లో చట్రం పెట్టుకొని చిన్న కత్తితో పాత మైనం గీకడం మొదలుపెట్టాడు. పదకొండు పెట్టెల ముందు ఈగలు తమ పని తాము చేసుకుంటున్నాయి.

"లారీ ఎల్లుండి కదా," అన్నారు రుచులాయన.

"ఎల్లుండే. పెట్టెలు కావాలా?"

"పెట్టెలు కాదు. తేనె."

కత్తి ఆగింది. "అమ్మను."

"పెట్టెలు ఎందుకు ఇచ్చేస్తున్నారు?"

"గుడ్లు కనపట్టం లేదు," అన్నాడు పెద్దాయన, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. రాణి ఈగ గుడ్డు నూలు పోగు ముక్కంత సన్నగా ఉంటుంది. అది కనబడకపోతే పెట్టెలో రాణి ఉందో పోయిందో తెలియదు. "రెండేళ్లుగా ఈవిడే చూసి చెబుతోంది. ఈవిడకి ఉన్నవీ లేనివీ అన్నీ కనపడతాయి."

"నాకు ఉన్నవే కనపడతాయి," అంది పెద్దావిడ, చట్రం దులుపుతూ. "లేనివి కనపడే కళ్ళు వేరేవాళ్లకున్నాయి."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆయన ఖాళీ గ్లాసును రెండు చేతులతో పట్టుకొని దానిలోకి చూస్తూ అన్నారు:

"ఆ ఏడు అవతలి గట్టున ఆవాలు వేశారు కదూ."

"వేశారు. అదే మొదలు. ఎవరో కౌలుకి తీసుకుని వేశారు."

"మీరు ఆ రోజు ఆ మాట చెప్పలేదు."

"మీరు అడగలేదు. తేల్చేశారు."

ఆయన తల ఊపారు. ఇరవై రెండు రోజులుగా వాక్యాలు ఎన్నో విధాలుగా కూర్చుకున్నారు. చివరకు ఎప్పుడూ కూర్చుకోని మాటలే వచ్చాయి.

"ఆ రోజు చెంచా నోట్లో పెట్టుకున్నాను. నాలుక తేనే అంది. వెనకనించి కొంచెం ఘాటు కూడా తెలిసింది. అదేం పువ్వో తెలియలేదు గాని, పువ్వే అని తెలిసింది. కళ్ళు తెరిచేసరికి తెల్లగా గడ్డ కనపడింది. తిరిగొచ్చిన సీసాలు గుర్తొచ్చాయి, అక్క గుర్తొచ్చింది. నాలుక చెప్పింది పక్కన పెట్టి, కంటికి కనపడింది చెప్పాను."

పెద్దాయన చట్రం కింద పెట్టాడు. "అంటే, తెలిసే అన్నారా?"

"తెలిసి కాదు. తెలుసుకోకుండా. అడిగితే తెలిసేది. అడగలేదు."

పెద్దాయన ఆయనను తేరిపార చూశాడు. ఆ మసక కళ్ళకు ఏం కనబడిందో గాని, ముఖం పక్కకు తిప్పుకొని, కత్తికి అంటిన మైనాన్ని బొటనవేలితో ఉండ చేస్తూ కూర్చున్నాడు. "నాకూ పంతమే లెండి," అన్నాడు. "గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చి, 'ఆవాలయ్యా' అంటే అయిపోయేది. ఒక్క మాట. కాళ్లు వెనక్కి తిరగలేదు."

పెద్దావిడ లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో మూతకు గుడ్డ కట్టిన డబ్బా, వెడల్పాటి కత్తి ఉన్నాయి.

"అమ్మనన్నాను కదా?" అన్నాడు పెద్దాయన.

"మీరు అమ్మకండి. నేను అమ్ముతున్నాను. గుడ్లు చూసింది నేను." డబ్బా నేల మీద పెట్టి ఆమె రుచులాయన వైపు తిరిగింది. "కానీ ఒకటి. నలుగురిలో అన్నారు, నలుగురికీ తెలిసేట్టు కాదనాలి. నా దగ్గరికొచ్చి చెబితే నాకెందుకు? నాకు ముందే తెలుసుగా."

"తూకం రోజు అందరి ముందూ చెబుతాను."

"చెప్పింది గాలికి పోతుంది. సీసా మీద రాయండి. ఎన్ని సీసాలయితే అన్నిటి మీదా."

"రాస్తాను."

"చిన్న అక్షరాలతో కాదు."

"పెద్దవే రాస్తాను."

ఆమె గుడ్డ విప్పింది. లోపల తేనె దంతపు రంగులో, నున్నగా, ఎక్కడా కదలకుండా ఉంది. కత్తితో ఒక ముక్క కోసి అందించింది. ఆయన రేకు పెట్టెలోంచి కొత్త చెంచా తీసి, దాన్ని అందులోకి తీసుకొని, నోట్లో పెట్టుకొని కళ్ళు మూసుకున్నారు. పలుకులు నాలుక మీద చల్లగా కరిగాయి. ఎదురుగా పెద్దాయన పెదవులు కూడా చప్పుడు లేకుండా అంకెలు లెక్కపెడుతున్నాయని ఆయన చూడలేదు. పెద్దావిడ చూసింది.

"ఆవ," అన్నారు కళ్ళు తెరిచి.

"అడుగున?" అన్నాడు పెద్దాయన.

ఆయన నోట్లో మిగిలిన దాన్ని మళ్లీ అంగిలికి అదిమి చూసుకున్నారు.

"అడుగున ఇంకేమీ లేదు."

"లేదు," అని పెద్దాయన తల ఊపాడు.

డబ్బాను స్టాపు వరకు ఇద్దరూ చెరోవైపు పట్టుకొని మోశారు. ఒకరికి ఆయాసం, ఒకరికి మోకాళ్లు. గట్టు దిగేటప్పుడు ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారో తెలియకుండా ఆగుతూ నడిచారు. వెనుక నుంచి పెద్దావిడ కేక వినిపించింది.

"అన్నయ్యగారూ! డబ్బా బరువు. బస్సులో ఒళ్లో పెట్టుకోకండి, కింద పెట్టండి!"

ఆయన చెయ్యి ఊపారు. బస్సులో కూర్చున్నాక మాత్రం డబ్బాను ఒళ్లోనే పెట్టుకున్నారు.

*

కొట్టు చేరేసరికి ఐదు దాటింది. అక్క గడపలోనే నిలబడి ఉంది. ఆయనకంటే ఏడేళ్లు పెద్దది, ఆయనకంటే చురుకైనది; పొడవు తక్కువైనా ఎదుటివాళ్లను తల దించుకునేలా చేయగల మనిషి.

"యూకలిప్టస్ వాళ్లు ఫోను చేశారు, రాలేదని. ఎక్కడికి పోయావురా? ముఖం చూసుకున్నావా, సున్నం కొట్టినట్టుంది."

"కాలువ మలుపులో దిగాను."

అక్క డబ్బాను అందుకొని లోపలి బల్ల మీద పెట్టి, మూత తీసి చూసింది. తెల్లటి తేనె. ఆ ఆరు సీసాల సంగతి ఆమె మరిచిపోలేదు. ఆ సాయంత్రం తను గోడ వైపు తిరిగి కూర్చోవడం తమ్ముడి చేత ఏం చేయించిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు.

"వేడినీళ్ల తొట్టి పెట్టనా? కరిగితే మామూలుగానే ఉంటుంది. ఎవరికీ తేడా తెలియదు," అంది మెల్లగా.

"వద్దక్కా. కరిగిస్తే మళ్లీ దాచినట్టే."

"ఇలా ఎవరు కొంటారురా, ఈ వెన్నముద్దని?"

"చదివినవాళ్లు కొంటారు."

చెక్క గరిటెతో ఇద్దరూ సీసాలు నింపారు. గరిటె పట్టిన ఆయన చెయ్యి రెండుసార్లు ఆగింది. అక్క గరిటె తన చేతిలోకి తీసుకుంది. ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చొని, చీటీలు దొంతరగా పెట్టుకొని రాయడం మొదలుపెట్టారు. మామూలు చీటీలు చాలలేదు. అట్ట కాగితం తెప్పించి, అరచేయంత ముక్కలు కత్తిరించారు. మొదటి చీటీ రాయడానికి అరగంట పట్టింది. తరువాతివి చూసి రాసినవే గనుక త్వరగా సాగాయి. అక్క ఆయన భుజం మీదుగా వంగి చదివింది.

కాలువ మలుపు పెద్దాయన, పెద్దావిడల పెట్టెలు. ఆవపూల తేనె. ఇది త్వరగా పేరుకుంటుంది. అది దీని గుణం. తొమ్మిదేళ్ల కిందట తూకం రోజున, అందరి ఎదుట, వీరి తేనెలో పంచదార ఉందని అన్నాను. అది నా తప్పు. ఇందులో పంచదార లేదు. అప్పుడూ లేదు.

కింద ఆయన పేరు ఉంది.

"నీ పేరెందుకురా మళ్లీ?"

"అన్నది ఎవరో రాయకపోతే, కాదంటున్నది ఎవరో ఎలా తెలుస్తుంది?"

"ఈ పేరు చూసి ఎవరో తాసీల్దారనుకుంటారు. రుచులాయన అని కూడా రాయి, నయం."

ఆయన నవ్వి, పేరు కింద ఆ మాట చేర్చారు. తరువాత మొదటి నుంచి అన్ని చీటీల మీదా చేర్చుకుంటూ వచ్చారు. అది ముగిశాక చివరి వాక్యం కింద రెండేసి గీతలు గీశారు. పెద్ద అక్షరాలని ఆమె అడిగింది. గీతలు ఆయన సొంతం.

"అక్కా, ఇవాళ టీలో అల్లం వెయ్యి."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. "అల్లమా? ఈ ఇంట్లో అల్లం ఎక్కడిది? పక్కింటికి పోయి అడగాలి. రేపు అన్నదమ్ముల తేనె చూడొద్దూ?"

"అడుగు. ఒక్క ముక్క చాలు."

ఆమె అడిగి తెచ్చింది. నలభై ఏళ్లు కావస్తుండగా మొదటిసారి ఆ వంటింట్లో అల్లం దంచిన చప్పుడైంది. గ్లాసు తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఆయన కళ్లజోడు తీసి మడిచి ఒళ్లో పెట్టుకొని, తల గోడకు ఆనించి ఉన్నారు. బయట తిరిగి వచ్చిన రోజు అలా పది నిమిషాలు కునుకు తీయడం ఉంది గనుక ఆమె లేపలేదు. పక్కింటావిడ అల్లం ముక్క ఇస్తూ ఎన్ని ప్రశ్నలు వేసిందో చెబుతూ, చీటీలు ఒక్కొక్కటే జిగురు రాసి సీసాలకు అతికించింది. వంకర పోయిన ఒకదాన్ని తీసి మళ్లీ అతికించింది. వీధి దీపాలు వెలిగాయి. టీ మీద మీగడ కట్టింది.

"చల్లారిపోతోందిరా," అని ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసింది. కాసేపు ఆ చెయ్యి తీయలేదు.

*

ఆయన లేకపోయినా ఆ నెల మొదటి శనివారం తూకం ఆగలేదు. ఆపితే తమ్ముడికి నచ్చేది కాదని అక్క అంది. పెట్టెల వాళ్లు వచ్చారు. పోస్టుమాన్ వచ్చాడు, వెంట కోడలు కూడా. డబ్బాల మూతలు తీసి, ఎవరి తేనెను ఎవరు రుచి చూడాలో తెలియక, అందరూ వాకిట్లో గోడ వెంట నిలబడ్డారు. తూకం బల్ల మీద అక్క ఆ సీసాలను వరుసగా పేర్చింది. ఒక్కొక్కరే దగ్గరకు వచ్చి, వంగి, చదివి, వెనక్కి వెళ్లారు.

కాలువ మలుపు వాళ్లిద్దరూ చివరన వచ్చారు, ఖాళీ చేతులతో. పెద్దావిడ ఒక సీసా తీసి, దూరంగా పట్టుకొని, పెదవులు కదుపుతూ చదువుకుంది.

"ఏం రాశారు?" అన్నాడు పెద్దాయన.

ఆమె పైకి చదివింది. గోడ దగ్గరి వాళ్లందరికీ వినబడింది.

"ఇంత రాయక్కర్లేదు," అన్నాడు పెద్దాయన. "లేదు అంటే సరిపోయేది."

"నేనే రాయమన్నాను," అంది పెద్దావిడ. "అన్నయ్యగారు ఇంకా రెండు గీతలు కూడా గీశారు." సీసాను పైట కొంగుతో తుడిచి, తీసిన చోటే దించింది. అక్క వైపు చూసి, ఇవన్నీ ఆ సాయంత్రమే రాశారా అని అడగబోయింది. అక్క తల ఊపింది. ఆమె అడగలేదు.

పెట్టెల వాళ్లు వెళ్తూ వెళ్తూ తలా ఒక సీసా తీసుకున్నారు. తేనె తీసేవాళ్లు తేనె కొనుక్కుని ఇంటికి వెళ్లడం ఆ వాకిట్లో అదే మొదలు. మధ్యాహ్నానికి ఎండ బల్ల మీదికి వచ్చింది. అక్కడ ఒక్క సీసా మిగిలింది: దంతపు రంగులో గట్టిగా పేరుకొని, పక్కకు వంచినా కదలని తేనె, దాని మీద ఒకసారి వంకర పోయి మళ్లీ సరిగా అతికిన చీటీ, నీలి సిరాతో పెద్ద అక్షరాలు, చివరి వరుస కింద రెండు గీతలు.